పెద్దమ్మగారి గరిటె చప్పుడు

పెద్దమ్మగారు పోయారన్న కబురు మా నాన్న తెచ్చాడు. గిరిసోల స్టేషన్లో బండి దిగి, నేను పాఠం చెప్పే పాక ముందు నిలబడి, పిల్లలందరూ వెళ్లేదాకా ఆగాడు. ఆ తరవాత "అమ్మగారు ఎలిపోనారే" అన్నాడు. ఏ అమ్మగారని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒక్కరే మనిషి.

బరంపురంలో నాన్న బండి తోలే షావుకారి ఇంటికి ఆమె పెద్ద కోడలు. చిన్న వయసులోనే భర్త పోయాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆమె బతుకంతా పెరటివైపు వంటింట్లోనే. రాతి గోడలు, పైన మిద్దె, ఒక చిన్న కిటికీ, ఇంట్లోకి ఒక తలుపు, పెరట్లోకి ఒక తలుపు. మడి గది కాబట్టి అందులోకి ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. ఆమె కూడా పెరటి తలుపు దాటేది నూతి దాకానే. పెరటి చివర తాటాకు పాకలో మేముండేవాళ్లం.

ఆ కిటికీ కింద బూడిద రంగు కుక్క ఒకటి పడుకునేది. బూడిదోడు అనేవారు. అది పెద్దమ్మగారి పెంపుడు కుక్కంటే వీధిలోవాళ్లు నవ్వేవారు, ఆమె దాన్ని ఏనాడూ తాకలేదు కనుక. అందరి భోజనాలూ అయ్యాక పెరటి తలుపు తీసి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టేవారు. అది ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి గడప ముందు ఆగేది. గడప మీద కాలు పెట్టిందా, ఆ పూట అన్నం లేదు. ఆగితే ముద్ద పైనుంచి జారవిడిచేవారు.

"నోటితో పిలవచ్చు కదా పెద్దమ్మగారూ" అన్నానొకసారి.

"గాలివానలో నా నోరెవరికి వినపడతాదే? ఇత్తడైతే వినపడతాది. గాలొచ్చినాక నేర్పుదామంటే అది ఆగుతాదేటి?"

దసరా వెళ్లగానే ఆమె గాలివానకు సిద్ధమయ్యేవారు. ఎండు పిడకలు లోపలికి చేర్చి, అటుకులూ బెల్లం కుండలో పోసి మూతికి గుడ్డ బిగించి మట్టి మెత్తేవారు. అగ్గిపెట్టెను మైనపు గుడ్డలో చుట్టేవారు. ఆవు పలుపును లాగితే ఊడే ముడితో కట్టమని కిటికీలోంచి మా అమ్మకు కేకేసి చెప్పేవారు. చివరికి కుక్కకొక గోనెసంచీ, దాని వాటా అటుకులు.

"కుక్కకి కూడా మూట కట్టేవా వదినా?" అని ఆమె మరిదిగారు నవ్వేవారు.

"నీకూ కట్టేను కదా మరిదీ. ఆకలికి ఆగలేనోళ్లు ఇంట్లో మీరిద్దరే."

ఒక ఏడు ఆ గాలి నిజంగానే వచ్చింది. నాన్న బెల్లం వేసుకురావడానికి బండితో అస్కా వెళ్లాడు. పొద్దున్నే ఒడియా పాలవాడు "బతాస ఆసుచి" అని, గాలి వచ్చేస్తోందని అరుస్తూ పాలు పోయకుండానే వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి చీకటి పడిపోయింది. అమ్మ పలుపు లాగి ఆవును వదిలేసింది. అంతలో మా పాక కప్పు లేచిపోయింది. వాన కళ్లలో ఇసకలా కొడుతోంది, ఇల్లెటుందో తెలియలేదు. అప్పుడు ఇత్తడి మోగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ చప్పుడు వైపు నడిచింది.

తీరా గడప దగ్గర అమ్మ ఆగిపోయింది. "అమ్మగారూ, మడి..."

"ముందు లోపలికి రాయే!"

పెంకులు ఎగిరిపోతుంటే మరిదిగారు, ఆయన భార్య అప్పటికే లోపలున్నారు. బూడిదోడు మాత్రం రాలేదు. పెద్దమ్మగారు తలుపు ఓరగా పట్టుకుని కొడుతూనే ఉన్నారు.

"తలుపెయ్యి వదినా! కుక్క కోసం అందరం పోతాం!"

"పిలిస్తే రమ్మని నేర్పినాను. వచ్చి చూస్తే తలుపేసుంటే అదేటనుకుంటాది?"

అది వచ్చింది, ఒక కాలు ఈడ్చుకుంటూ. గడప ముందు ఆగింది. రారా అంటే రాదు. గాలి తోసేస్తుంటే నేలకు కరుచుకుని, పళ్లెం వంకా ఆమె వంకా చూస్తుందే గాని గడప మీద కాలు పెట్టదు. ఆమె చేతిలో పళ్లెం వదిలేశారు. వానలోకి దిగి దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నారు. ఆమె దాన్ని తాకడం అదే మొదలు.

తలుపు వేశామో లేదో బయట కొబ్బరిచెట్టు కూలి దానికి అడ్డంగా పడింది. ఇంట్లోకి వెళ్లే తలుపు వెనక అప్పటికే కప్పు కూలి ఉంది. కాళ్లు చాపే చోటు లేదు. తడిసిన కుక్క వాసన, గడప కిందనుంచి నీళ్లు. ఊపిరాడక నేను తలుపు బాదుతూ ఏడ్చాను.

"ఒక్క రోజుకే ఇలాగైపోతే ఎలాగే? నేనెక్కడ ఉంటన్నాననుకున్నావు?" అన్నారు పెద్దమ్మగారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. మరిదిగారు నములుతున్న అటుకులు నోట్లోనే ఉండిపోయాయి.

చాలాసేపటికి ఆమె ఒళ్లో కుక్కతోనే చెప్పుకున్నారు. "రావడం నేర్పినాను గాని లోపలికి రావడం నేర్పలేదురా."

మర్నాడు మనుషులొచ్చి చెట్టు నరికారు. గది కడిగారు, ఆమె తలస్నానం చేశారు, మళ్లీ మడి. బూడిదోడు కిటికీ కిందికి పోయింది. ముద్ద మళ్లీ పైనుంచే పడింది. ఆమె దాన్ని మరి తాకలేదు. ముద్ద వదిలాక మాత్రం చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండిపోయేది.

ఆ తరవాత నన్ను బడిలో వేసే మాట వచ్చినప్పుడు మా నాన్న వెనకాడాడు. మా ఇంట్లో అప్పటిదాకా బడి గడప ఎక్కినవాళ్లు లేరు. పెద్దమ్మగారు మరిదిగారిని కిటికీ దగ్గరికి పిలిచారు. "దాన్ని బడిలో ఎయ్యి మరిదీ. గడపకాడ ఆగిపోయినోళ్లం మేం సాలు." ఆయన నన్ను బడిలో వేయించారు. ఈనాడు ఇంతమంది పిల్లల ముందు నిలబడుతున్నానంటే ఆ మాట వల్లనే.

కబురు విన్న రోజునే నాన్నతో బరంపురం వెళ్లాను. వంటింటి రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. ఇక అక్కడ మడి లేదు. వచ్చిన చుట్టాలు అటూ ఇటూ తిరుగుతున్నారు. లోపల గిన్నెలు సర్దుతున్న ఎవరి చేతిలోంచో గరిటె జారి ఇత్తడి పళ్లెం మీద పడింది. పెరట్లోంచి బూడిద రంగు కుక్క ఒకటి పరిగెత్తుకొచ్చింది. మా బూడిదోడి మనవడు.

"రారా" అన్నాను.

ఎవరూ అడ్డం లేరు. అది గడప ముందు ఆగి, చెవులు నిక్కించి, లోపలి చీకట్లోకి చూస్తూ నిలబడింది.