చాయ్ దాటి వచ్చిన టెండర్

1978లో నేను హన్మకొండలో, రోడ్ల పనులు చూసే ఓ ఆఫీసులో టెండర్ క్లర్కుని. టెండర్ అంటే, ఫలానా పని ఇంత ధరకు చేస్తానని కాంట్రాక్టరు రాసి, కవరుకు సీలు వేసి మా పెట్టెలో వేయడం. మూడు గంటలకు పెట్టె తెరుస్తాం. తక్కువ ధర రాసినవాడికి పని. చెప్పుకోవడానికి ఎంత బాగుందో. నిజానికి పని ఎవరిదో పొద్దున్నే ఎదురుగా ఉన్న హోటల్లో తేలిపోయేది. పాత కాంట్రాక్టర్లు వంతులు వేసుకునేవారు. వంతు వచ్చినవాడు ఒక ధర రాస్తే, మిగతావాళ్లు కావాలనే అంతకంటే ఎక్కువ రాసేవారు. దీన్నే రింగ్ అంటారు. కొత్తవాడెవడైనా వస్తే కొట్టరు, తిట్టరు. భుజం మీద చెయ్యేసి చాయ్‌కి తీసుకెళ్తారు. మూడు దాటాక వదులుతారు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది.

రఘునాథపల్లి యాకూబ్ మేస్త్రీ ఏళ్ల తరబడి ఆ కాంట్రాక్టర్ల కిందే పని చేసినవాడు. పాలంపేట దారిలో కల్వర్టుకు, అంటే వాగు మీద చిన్న వంతెనకు, మొదటిసారి తన పేరుతో టెండర్ వేద్దామని లైసెన్సు తెచ్చుకున్నాడు. మూడు దాటాక కవరుతో నా బల్ల ముందు నిలబడ్డాడు.

"చాయ్ మీద చాయ్ తాపిచ్చిన్రమ్మా. లేస్తనంటే చెయ్యి పట్టి కూసోబెట్టిన్రు. గిప్పుడు ఎయ్యనియ్యరా?"

పెట్టె తెరిచాక కుదరదని చెప్పాను. "మల్ల ఆల్ల కిందనే కూలికి పోవాలె" అంటూ వెళ్లిపోయాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

వచ్చిన ధరలన్నీ ఎస్టిమేట్ కంటే, అంటే మా ఇంజనీర్లు వేసిన అంచనా కంటే, బాగా ఎక్కువ. అలాంటప్పుడు అన్నీ రద్దు చేసి మళ్లీ టెండర్లు పిలవచ్చు. నోట్ రాసుకుని పెద్ద ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, ఈసారి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చినయి సుత తీసుకుందాం. పోస్ట్‌మన్‌ను ఎవరూ చాయ్‌కి పట్టుకపోరు."

ఆయన నవ్వలేదు. "గొడవైతే ఫైల్ల నీ నోటే ఉంటదమ్మా."

"ఉండనియ్యుండ్రి సార్."

అదే నోట్‌లో ఇంకో షరతు కూడా రాశాను. పని జరిగేచోట కాంట్రాక్టరు పేరు, సిమెంటు, ఇసుక పాళ్లు ఊరివాళ్లకు కనిపించేలా బోర్డు పెట్టాలి. ఆయన నోట్ ఇంకోసారి చదివి సంతకం చేశారు.

మళ్లీ టెండర్లు తెరిచిన రోజు గుమ్మం దగ్గర రింగ్ మనుషులు ఎప్పటిలాగే కాపలా ఉన్నారు. ప్రకటనలో పోస్టు మాట అచ్చయినా పట్టించుకోని కాంట్రాక్టర్లు నిశ్చింతగా కూర్చున్నారు. నేను తపాలాలో వచ్చిన యాకూబ్ కవరు తీసి అందరి ముందూ చదివాను. అందరికంటే తక్కువ. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పైకి ఫిర్యాదు వెళ్లింది కానీ నోట్ నిలబడింది. తర్వాత మా ఆఫీసులో పోస్టు, బోర్డు మామూలైపోయాయి.

పని మొదలయ్యాక యాకూబే గుర్రుమంటూ వచ్చాడు.

"ఆ బోర్డు తీపియ్యమ్మా. మేకలు కాసెటోడు సుత ఆగి, సిమెంటు ఎంత కలుపుతానవని అడుగుతాండు."

"నీ పేరు మీద పని కావాలంటివి కద మేస్త్రీ. పేరుంటే అడుగుతరు."

గొణుక్కుంటూ వెళ్లాడు. నేను బోర్డు తీయించలేదు.

పెట్టెకు గట్టి తాళం ఉంటే చాలనుకునేదాన్ని. పెట్టె దాకా అందరికీ దారి ఉండాలని, పని మీద చేసినవాడి పేరు ఉండాలని నాకు నేర్పింది ఆ కల్వర్టే. కొన్నేళ్లకు పిల్లలతో పాలంపేట వెళ్తూ అక్కడ దిగి చూశాను. బోర్డు ఎప్పుడో పోయింది. పిట్టగోడ సిమెంటులో మాత్రం ఎవరూ అడగకుండానే చెక్కి ఉంది: యాకూబ్ మేస్త్రీ, రఘునాథపల్లి. చెయ్యి పెట్టి తడిమాను. ఒక్క అక్షరం కూడా పెచ్చు ఊడలేదు.