రెండు బకెట్ల మంచినీళ్ళ కోసం చౌల్దారీ

చౌల్దారీకి ఎవరూ సరదాగా వెళ్ళరు. పోర్ట్ బ్లెయిర్ వచ్చినవాళ్ళు జైలు చూస్తారు, బీచ్‌లు చూస్తారు, ఫోటోలు తీసుకుని విమానం ఎక్కుతారు. పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో పేటలో పుట్టి పెరిగి, అక్కడే హార్బరు ఆఫీసులో పనిచేస్తున్న నేను కూడా చౌల్దారీని బస్సులోంచి చూడడమే గాని ఎప్పుడూ దిగలేదు. మొన్న ఏప్రిల్లో దిగాల్సి వచ్చింది, అదీ గోనెసంచిలో ఇంజను హెడ్డు మోసుకుంటూ. ఎండాకాలంలో ఆ వైపు వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. చదివి ప్రయాణం మానుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మా తమ్ముడు నూకరాజుకి ఒక డోంగీ ఉంది. డోంగీ అంటే ఇక్కడ ఇంజను బిగించిన చిన్న చేపల పడవ. నెల కిందట అది మొరాయిస్తే, వాడు హెడ్డు, అంటే వాల్వులుండే పై భాగం, విప్పి లోపలున్న మసీ మడ్డీ అంతా కడిగాడు. దేంతో అనుకున్నారు? సముద్రపు నీళ్ళతో. మా ఇళ్ళకి కుళాయి రోజూ రాదు. పైగా తాతల నాటి నుంచి చేపల పని చేసుకునేవాళ్ళం, వలైనా తట్టైనా గిన్నైనా సముద్రంలో ముంచితే మాకు శుభ్రమైనట్టే లెక్క. వాడు ముంచి, తళతళా తోమి, ఎండలో ఆరబెట్టి మర్చిపోయాడు. తర్వాత చూసుకుంటే వాల్వులు ఇనుప ముద్దలా బిగుసుకుపోయాయి.

ఏప్రిల్లో ఒక రోజు తెల్లవారుజామున వాడు విసిగిపోయి, పడవ కొంటానన్న జంగ్లీఘాట్ పేట ఆయన్ని మర్నాడు పొద్దున్నే రమ్మన్నాడు. "ఇయ్యాల ఇంజను పలికితే ఆగుతానక్కా, పలక్కపోతే ఇచ్చేత్తాను. ఇంక నా వల్ల కాదు," అన్నాడు. పడవ పోతే వాడికి మిగిలేది వేరేవాళ్ళ పడవల్లో కూలి పని. నలభై దాటినవాడు, తన చేతుల్లో ఎదిగిన కుర్రాళ్ళ కేకలకి తాళ్ళు లాగాలి. అది నేను చూడలేను. ఆ రోజు కూడా వాడు అలాంటి కూలికే వెళ్ళాల్సి ఉంది కాబట్టి, సెలవు పెట్టి నేను బయల్దేరాను. హాడోలో ఇంజన్లు బాగుచేసే మిస్త్రీ ఊళ్ళో లేడు. చౌల్దారీలో దానియేలు అని పొలం పంపులు బాగుచేసే ఆయన ఉన్నాడనీ, పంపు ఇంజనూ డోంగీ ఇంజనూ ఒకటే జాతనీ ఎవరో చెప్పారు.

పొద్దున్న ఏడు దాటాక పెద్ద బస్‌స్టాండ్‌లో బస్సు ఎక్కాను. కండక్టరు సంచి వైపు అనుమానంగా చూశాడు. "దీదీ, మచ్ఛీ హై తో ఉతరో," అన్నాడు. మచ్ఛీ కాదు భయ్యా, ఇంజను అని సంచి మూతి విప్పి చూపించాను. చేపలకైతే చోటు లేదు గాని ఇంజనుకైతే ఉందట, లగేజీ టికెట్ కొట్టి దాన్ని వెనక ఖాళీ సీటు మీద పెట్టించాడు. నాకు సీటు దొరకలేదు. గంటసేపు ఊచ పట్టుకుని వేలాడుతూ, నా కంటే సుఖంగా కూర్చున్న ఆ ఇనుప ముక్కని చూస్తూ ప్రయాణం చేశాను. సిప్పీఘాట్ దగ్గర సునామీకి మునిగిన పొలాల్లో ఇప్పటికీ నీళ్ళే, అన్నీ ఉప్పువే. అది దాటి కాస్త లోపలికి వెళ్తే నేల రంగు మారిపోతుంది. ఏడాదిలో సగానికి పైగా వానలో నానే దీవుల్లో పొలాలు ఇలా నెర్రెలు విచ్చుతాయంటే బయటివాళ్ళు నమ్మరు.

చౌల్దారీ బజారు పెద్దదేం కాదు. ఎరువుల దుకాణం, రేషన్ దుకాణం, ఇనప సామాన్ల కొట్టు, పూరీ సబ్జీ అమ్మే హోటలు, వాటి చివర మిస్త్రీ షెడ్డు. చుట్టుపక్కల పల్లెల్లో ఏది విరిగినా, ఏది ఎండినా ఇక్కడికే తెస్తారు. తుష్నాబాద్ నుంచి వచ్చిన రైతులు ఇద్దరు పంపులు దించుకుని అప్పటికే బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నారు. దానియేలు మిస్త్రీ మన తెలుగువాడే. తండ్రి విశాఖ వైపు నుంచి రోడ్డు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట, ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడేది ఈయనేనట. సంచి విప్పగానే హెడ్డు మీద వేలు రాసి నాలిక్కి తగిలించుకున్నాడు.

"ఏటమ్మా ఇది, ఊరగాయేసినారా?"

జరిగింది చెప్పాను. బెంచీ మీద రైతులకి హిందీలో చెప్పి వాళ్ళనీ నవ్వించాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"దేఖో దీదీ, ముందర ఇది మంచినీళ్ళలో ఉడకాల. ఉప్పు దిగితేనే డీజిల్లో పెడతాను. ఇలాగే సుత్తెట్టి కొట్టినామంటే పగిలిపోద్ది. కొత్తది మద్రాసు నుంచి జహాజులో రావాల. రెండు బకెట్ల నీళ్ళు తెచ్చుకోండి," అన్నాడు.

"మీ దగ్గర లేవా?"

"నాకు తాగడానికే ట్యాంకరు నీళ్ళు. అదీ నిన్న రాలేదు."

జీవితంలో మొదటిసారి నీళ్ళు అడుక్కుంటూ బజారంతా తిరిగాను. హోటలాయన తల అడ్డంగా ఊపాడు. దుకాణంలో నీళ్ళ సీసాలు కొందామంటే ఉన్నవి మూడో నాలుగో. చివరికి షెడ్డు వెనక ఇంట్లో ఒక బెంగాలీ ముసలావిడ కనిపించింది. అందరూ ఆవిణ్ణి మాసీ అంటారు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ప్రభుత్వం భూములిచ్చి తెచ్చిన కుటుంబాలతో కలకత్తా నుంచి ఓడలో వచ్చిందట. ఆవిడ పందిరి మీద ఆనపపాదు సగం ఎండి వేలాడుతోంది. నేను అడిగింది విని డ్రమ్ము మూత తీసి రెండు బకెట్లు నింపింది. ప్రాణం లేచొచ్చి, పర్సులోంచి నోటు తీసి చేతిలో పెట్టబోయాను.

"పానీ బేచ్‌తీ హూఁ క్యా మైఁ?" అంది. నీళ్ళు అమ్ముకునేదానిలా కనిపిస్తున్నానా అని. మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బకెట్లు మోసుకొచ్చి మిస్త్రీని అడిగితే తాపీగా చెప్పాడు. "ఈ బస్తీలో నీళ్ళు అప్పిస్తారమ్మా, అమ్మరు. రెండు తీసుకుంటే రెండు తెచ్చి పెట్టాల, అదీ పొద్దుగూకేలోపు. వాళ్ళు అడవి కొట్టుకుని దిగినప్పుడు అందరికీ ఒకటే కువా ఉండీదంట. అప్పట్నించీ ఇదే రివాజు. కువా కిందన, నాలా పక్కనుంది, ఎల్లండి."

హెడ్డు పొయ్యి మీద ఉడుకుతుంటే నేను బకెట్లు పట్టుకుని వాలు దిగి ఎండిన వాగు పక్కకి వెళ్ళాను. కువా అంటే పెద్ద బావే, కానీ అడుగున ఉన్నది చెంబెడు నీళ్ళు. తోడితే అయిపోతాయి, మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. నా ముందు నలుగురు ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. మధ్యాహ్నపు ఎండ నడినెత్తి మీద ఉంది. చెప్పుల్లో కాళ్ళు కాలుతున్నాయి. పైన రోడ్డు మీద పోర్ట్ బ్లెయిర్ బస్సు హారన్ కొడుతూ వెళ్ళిపోయింది. ఆ క్షణంలో తమ్ముడి మీద ఒళ్ళు మండిపోయింది. వాడి పడవ, వాడి ఇంజను, వాడి ఉప్పునీళ్ళు, మోసేది మాత్రం నేను. అమ్మేస్తే అమ్మేసుకోనీ, పీడా పోతుంది అని నిజంగానే అనుకున్నాను. గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ముందున్న ఒకావిడ తన వంతు నాకిచ్చింది.

నింపుకుని వాలు ఎక్కేసరికి ఒక బకెట్ సగం ఒలికిపోయింది. మాసీ తొంగి చూసి "ఆధా," అంది. సగమే. నేను మళ్ళీ దిగి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ ఎక్కాను. రెండోసారి ఆవిడ డ్రమ్ములో పోసుకుని, మూత పెట్టి, అప్పుడు కూర్చోమని టీ ఇచ్చింది. హెడ్డు ఉడికిన ఉప్పునీళ్ళు పారబోయొద్దని మిస్త్రీకి కేకేసి, తెప్పించుకుని కొబ్బరి మొక్క మొదట్లో పోసింది. కొబ్బరికి ఉప్పు మంచిదట. నన్ను మరి కోపంగా చూడలేదు.

డీజిల్లో నానిన వాల్వులు సాయంత్రం నాలుగున్నరకి కదిలాయి. మొదటిది సులువుగానే వచ్చింది. రెండోది రాకపోతే మిస్త్రీ సుత్తి పక్కన పెట్టి కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు, ప్రార్థనో తిట్టో తెలీదు. మళ్ళీ డీజిల్ పోసి, చెక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాడు. అది కూడా వచ్చేసింది. "ఈసారి సముద్రంలో కడగాలనిపిస్తే మీ తమ్ముణ్ణి తన ఒళ్ళు కడుక్కోమనండి," అని సంచిలో కట్టిచ్చాడు.

అయిదు గంటల బస్సులో సీటు దొరికింది. ఒళ్ళో హెడ్డు పెట్టుకుని కిటికీకి తల ఆనించి వచ్చాను. ఆ ఊరు మళ్ళీ చూడాలని నాకు లేదు, ఆ ఎండలో అయితే అసలు లేదు. కానీ అక్కడ నన్ను ఎవరూ జాలిపడి వదిలెయ్యలేదు. సగం తెస్తే సగం అనే అన్నారు. అలసిపోయిన మనిషికి ఓదార్పు కంటే అలాంటి కచ్చితం మేలు చేస్తుందని ఆ రోజు తెలిసింది. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజంతటికీ సరిపడా నీళ్ళు పోర్ట్ బ్లెయిర్ నుంచే మోసుకెళ్ళండి, సాయంత్రం తిరుగు బస్సు సమయం దిగగానే కనుక్కోండి.

హెడ్డు అందుకుని నూకరాజు జెట్టీకి వెళ్ళాడు. నేను అన్నం కూడా తినకుండా పడుకున్నాను. పొద్దున్న వాకిట్లో ఎవరో పిలుస్తుంటే లేచి చూస్తే జంగ్లీఘాట్ ఆయన.

"నూకరాజు ఏడమ్మా?"

గోడ మూల వైపు చూశాను. కూలికి వెళ్ళేటప్పుడు వాడు ఇక్కడే వదిలేసే వల లేదు. అన్నం డబ్బా లేదు.

"వేటకెళ్ళాడు బాబూ."

"ఎవరి డోంగీలో?"

"వాడి డోంగీలోనే," అన్నాను. ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని, ఆ రోజుకీ సెలవని ఆఫీసుకి ఫోన్ చేసి, మళ్ళీ పడుకున్నాను.