సారక్క పళ్ల వరస

సారక్క భూషణం కూతురు కాదని ఉసూర్ పక్కనున్న గూడెంలో ఒక మాట పుట్టింది. పుట్టించినవి ఆ పిల్ల పళ్లే.

భూషణం పుట్టిపెరిగిన ఇంట్లో అందరి పళ్లూ జొన్నకంకికి గింజలు కూర్చినట్టుండేవి. కరువు ఏడాది గోదావరి దాటి, బస్తర్ సంస్థానంలో అడవి కొట్టుకుని బతుకుదామని వచ్చిన రైతు అతను. ఎండు జొన్నరొట్టె కరకరా నమిలి పెరిగాడు. అతని వెంట వచ్చిన భార్య దుర్గమ్మ కూడా అంతే. ఇక్కడి తడినేలలో జొన్న పండలేదు, వరి పండింది. సారక్క పొద్దునా మాపూ మెత్తటి జావతోనే పెరిగింది. పక్కింటి దొర్ల తెగవాళ్లు కాల్చిన దుంపో ఎండుమాంసమో చేతిలో పెడితే భూషణం లాక్కుని పారేసేవాడు. "మనం రైతులం. అడివి తిండి మనకేంది?"

పాలపళ్లు ఊడి వచ్చిన కొత్తపళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి.

ఒకనాడు వాగు దగ్గర, వాళ్లతోనే గోదావరి దాటి వచ్చిన వెంకమ్మ అడిగింది. "ఏమే దుర్గమ్మా, నీ బిడ్డకు గా పళ్లు ఏడికెళ్లి వచ్చినయే? నీవి గావు, నీ మొగనివి గావు. కోతినడిగి తెచ్చుకున్నవా?"

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. దుర్గమ్మ బిందె సగంలోనే ఎత్తుకుని కూతురి చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

ఆ నవ్వు మగవాళ్ల దాకా పాకింది. భూషణం కొట్టలేదు, తిట్టలేదు. సారక్కను పేరుపెట్టి పిలవడం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే భార్యతో "నీ బిడ్డకు చెప్పు" అనేవాడు. సారక్క తండ్రి ఉన్నంతసేపు నోరు విప్పేది కాదు.

ఆ వానాకాలం దుర్గమ్మ జ్వరంతో మంచం పట్టింది. మూడోనాడు భర్త కాలు పట్టుకుంది.

"ఒక్కపారి మన బిడ్డ అనరాదు మావా. గంతే చాలు."

భూషణం గొడ్డలి భుజాన వేసుకుని పొలానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి దుర్గమ్మ తల సారక్క ఒళ్లో ఉంది. ప్రాణం లేదు.

దినానికి కోంటా వైపు నుంచి భూషణం చెల్లెలు రెండు రోజులు నడిచి వచ్చింది. కరువునాడు విడిపోయాక అన్నాచెల్లెళ్లు కలవడం అదే మొదటిసారి. వెంట ముగ్గురు పిల్లలు. సారక్క ఆకులు వేసి వడ్డించింది. పిల్లలు పప్పు కోసం కొట్లాడుకుని, ఏదో అనుకుని నవ్వారు.

భూషణం చేతిలో ముద్ద ఆగింది.

"పోరగాళ్లకు ఏం పెడ్తున్నవే?"

"ఏం పెడ్తనే అన్నా, జావే గద. ఈడ ఇంకేమున్నది?"

ఆ ముగ్గురూ బస్తర్‌లో పుట్టినవాళ్లే. ముగ్గురికీ పళ్లు సారక్కవిలాగే ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి.