మా మామ జీపు స్టెప్నీ

నా చిన్నప్పుడు మా పల్లెలో జీపు అంటే మా మేనమామ జీపే, ఇంకొకటి లేదు. మైపాడుకు దక్షిణంగా, సముద్రానికీ తారు రోడ్డుకీ మధ్య ఇసుక దిబ్బలూ సరుగుడు తోపులూ తప్ప ఏమీ లేని పల్లె మాది. బస్సు ఎక్కాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ తారు రోడ్డు దాకా నడవాల్సిందే. మామ మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపును ఎక్కడినుంచో కొనుక్కొచ్చి, ఒడ్డున పడిన చేపల్ని నెల్లూరు మార్కెట్టుకు తోలడం మొదలుపెట్టాక మా వాళ్ళకు కాస్త ఊపిరి ఆడింది.

కొన్నప్పుడు ఆ జీపు స్టెప్నీ, అంటే అదనపు టైరు, వెనక తలుపుకు ఉండేది. గంపలు ఎక్కించే ఆడవాళ్ళకు అదొక పెద్ద అడ్డం. తడి గంపను నెత్తి మీంచి దించి ఆ టైరు మీదుగా లోపలికి తోసేసరికి చేపల నీళ్ళన్నీ మెడ మీద కారేవి. మా అమ్మ అయితే దాన్ని తిట్టని రోజు లేదు. "ఈ ముదనష్టపు టైరు నా ప్రాణానికొచ్చింది రా తమ్ముడా" అని వీధంతా వినబడేట్టు అరిచేది. ఆ గోల పడలేక మామ ఒకరోజు టౌనుకు తోలుకుపోయి, స్టెప్నీని ఊడదీయించి, జీపు పొట్ట కింద ఇనప బద్దీలతో బిగించుకొచ్చాడు. వెనకంతా ఖాళీ అయింది. ఇంకో రెండు గంపలకు చోటు దొరికింది. పల్లె అంతా మామ తెలివిని మెచ్చుకుంది, అందరికంటే ఎక్కువ మా అమ్మ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలే తర్వాత ఆమెను బతికినన్నాళ్ళూ కోసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వాళ్ళకు బాగా తెలిసింది పడవ. పడవను సముద్రపు నీళ్ళతోనే కడుగుతారు. ఉప్పు నీళ్ళు తాగితే చెక్క గట్టిపడుతుందని నమ్మకం. మామ జీపునూ అలాగే చూసుకున్నాడు. సాయంత్రం మార్కెట్టు నుంచి రాగానే అలల అంచు దాకా దింపి, బకెట్లతో సముద్రపు నీళ్ళు కొట్టి, నీచు వాసన పోయేదాకా కడిగేవాడు. పిల్లలమంతా చేరి కొబ్బరి పీచుతో తోమేవాళ్ళం. పైన రంగు తళతళలాడేది. కింద ఇనుము ఏమవుతోందో వంగి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

మామ పెళ్ళాం, మా అత్త, వాకాడు పక్క పల్లె పిల్ల. నాకు జడ వేసేది ఆమే. మా అమ్మ దువ్వితే తల ఊడి చేతికొస్తుందేమో అనిపించేది, అత్త దువ్వితే నిద్ర ముంచుకొచ్చేది. ఆమె నవ్వితే పైపన్ను ఒకటి పక్కకు తొంగి చూసేది. అది కనబడకుండా పైట అడ్డం పెట్టుకునేది, నేను పైట లాగేసేదాన్ని. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవడానికి వాళ్ళ నాయన వస్తానని కబురు పంపాడు. ఆయన్ని నేను వాకాటి తాత అని పిలిచేదాన్ని. మంచి రోజు చూసి, ఇంకో వారంలో ప్రయాణమనుకుంటుండగా నెలలు నిండకుండానే అత్తకు నొప్పులు వచ్చాయి.

మధ్యాహ్నం పూట, సన్నగా తుంపర పడుతోంది. మంత్రసాని కాసేపు చూసి ముఖం మార్చేసింది. "బిడ్డ అడ్డం తిరిగుండాది. నా చేత కాదు, నెల్లూరికి ఎత్తకపోండి" అంది. జీపు వెనక బొంత పరిచారు. అత్త అప్పటికే నా చెయ్యి పట్టుకుని ఉంది. ఎత్తేటప్పుడూ వదల్లేదు. విడిపించే ఓపిక ఎవరికీ లేక నన్ను కూడా ఆమె పక్కనే ఎక్కించారు. అమ్మా, మామను కన్న మా అవ్వా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. మా నాయన ముందు సీట్లో ఎక్కాడు.

ఆ ఏడు సరుగుడు తోపు ఒకవైపు కొట్టేశారు. కొట్టగా మిగిలిన మొద్దులు ఇసుకలో కప్పబడి ఉంటాయి, కనబడవు. సగం దూరం పోయామో లేదో అలాంటి మొద్దు ఒకటి వెనక టైరును చీల్చేసింది. మామ ఆపకుండా లాగాలని చూశాడు. లాగేకొద్దీ చక్రం గుంట తవ్వుకుని, జీపు పొట్ట ఇసుక మీద కూర్చుండిపోయింది. అయినా మేమెవరం భయపడలేదు. స్టెప్నీ ఉంది కదా అనే అనుకున్నాం.

ఆ స్టెప్నీ పొట్టకూ ఇసుకకూ మధ్య ఇరుక్కుపోయి ఉంది. మామా, నాయనా, అమ్మా, అవ్వా నలుగురూ చేతులతో ఇసుక తోడారు. మామ ఆ గుంటలోకి పాకి పానా పట్టాడు. నట్టు కదల్లేదు. ఉప్పు తినీ తినీ నట్టూ బోల్టూ ఒకటే ముద్దయ్యాయి. రాయి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. కింద కొట్టే ప్రతి దెబ్బా పైన బొంత కింద నుంచి మాకు తగిలేది. దెబ్బ దెబ్బకూ అత్త నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకునేది. "తిరగతా లేదక్కా, తిరగతా లేదు" అని మామ కింద నుంచి ఏడుస్తూ అరిచాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నాయన పరిగెత్తి ఎద్దుల బండి తెచ్చాడు. ఇసుకలో బండి ఎంత నిదానంగా పోతుందో ఆ రోజు పోయినవాళ్ళకే తెలుసు. తారు రోడ్డు కనబడుతుండగా అత్త నా చెయ్యి వదిలేసింది. నొప్పి తగ్గి నిద్రపోయిందనుకున్నాను. అవ్వ గుండెలు బాదుకుంటే అప్పుడు తెలిసింది. బిడ్డ కూడా ఆమెతోనే పోయింది.

ఆ తర్వాత మామ మనిషి కాలేదు. ఎద్దులతో లాగించి ఇంటి వెనక నిలబెట్టిన జీపు వైపు తిరిగి కూడా చూసేవాడు కాదు. ముద్ద నోట పెట్టుకుని, నమలడం మరిచిపోయి అలాగే కూర్చునేవాడు. "నేనే చంపినా" అన్నది తప్ప ఇంకో మాట లేదు. పల్లె కూడా తక్కువ తినలేదు. రెండు గంపలు ఎక్కువ పట్టాయని చంకలు గుద్దుకున్న నోళ్ళే, బుద్ధున్నవాడెవడైనా స్టెప్నీ పొట్ట కింద పెడతాడా అని గుసగుసలాడాయి. నాకిప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. మామ ఒక్కడే సముద్రం వైపు నడిస్తే అవ్వ గాభరాగా నన్ను వెనకే తరిమేది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు, కానీ నాకు అర్థమైంది.

వాకాటి తాత మట్టి వేసి వెళ్ళిపోయాడు. కులపెద్దల్ని వెంటబెట్టుకుని పంచాయితీకి వస్తాడని అందరూ అనుకున్నారు. పెద్దకర్మ అయిపోయిన కొద్ది రోజులకు ఆయన ఒక్కడే వచ్చాడు. చేతిలో గోతం సంచీ ఉంది. మామ పోయి ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"నన్ను కొట్టు మావా. కొట్టి చంపు" అన్నాడు.

తాత వంగి అతని రెట్ట పట్టుకుని లేపాడు. "జీపు యాడుండాది?" అని మాత్రం అడిగాడు.

సంచీలో సుత్తీ, ఉలీ, ఒక సీసాలో కిరసనాయిలూ ఉన్నాయి. తువ్వాలు నేల మీద పరిచి జీపు కిందికి దూరాడు. చుట్టూ జనం చేరారు. నట్టుకు కిరసనాయిలు పోయడం, నాననివ్వడం, ఉలి పెట్టి కొట్టడం. ఆ చప్పుడు మొదలవగానే మామ చెవులు మూసుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు కూడా చెయ్యి నొప్పి పుట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చాక స్టెప్నీ ఊడి పడింది. తాత దాన్ని దొర్లించుకుంటూ బయటికి వచ్చాడు. తలా గడ్డం అంతా తుప్పు పొడి, ఇసుక.

తర్వాత ఆయన, ఇప్పుడు దీన్ని యాడ పెడదాం అంటూ, పెళ్ళివారు కొత్త బీరువాకు చోటు చూసినట్టు, దానికి చోటు వెతికాడు. ముందు బానెట్ మీద పెట్టించి, తనే డ్రైవరు సీట్లో కూర్చుని చూశాడు. ఎదుట దారి కనబడలేదు, తీయించేశాడు. లోపల పెడితే గంపల అడుగున పడుతుంది, అవసరానికి గంపలన్నీ దించాలి అన్నాడు. అది విని మా అమ్మ ఇక ఆగలేకపోయింది. "ఎనకాలే పెట్టు మావా. ముందు ఆడే గదా ఉండింది. నా మెడ మీద నీళ్ళు కారితే కారనియ్యి, ఇంక నోరు తెరస్తే ఒట్టు" అని భోరుమంది.

తాత ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. దినామూ బాధపెట్టేదాన్ని ఎవురో ఒకరు మళ్ళా ఊడదీస్తారు. అది నీ తప్పు కాదు" అన్నాడు.

చివరికి డ్రైవరు సీటు వెనక, పక్కవైపు బయట రేకుకు ఆనించి పట్టుకోమని ఇద్దరికి చెప్పాడు. గంపలకు అడ్డం లేదు, దారికి అడ్డం లేదు, ఇసుకకు అందదు. అయిపోయిందనుకున్నాం. అప్పుడాయన నన్ను పిలిచాడు.

"పాపా, ఇటు రా. నట్టు ఈడ ఉంటాది. నీ చెయ్యి అందతాదా?"

మునివేళ్ళ మీద నిలబడినా అందలేదు. "ఇంకాస్త దించండబ్బయా" అన్నాడు. మళ్ళీ చూశాను. మళ్ళీ దింపించాడు. నా రెండు చేతులూ తేలిగ్గా పట్టు దొరికేదాకా దింపించి, అక్కడ బొగ్గుతో గీత గీశాడు. జనంలో ఎవరో, ఆడపిల్ల టైరు మారుస్తుందా ఏంది పెదనాయనా అని నవ్వబోయారు.

"ఆ పూట నా బిడ్డ కాడ ఉండింది ఎవురు?" అన్నాడు తాత. "ఇద్దరు మగోళ్ళు, ఇద్దరు ఆడోళ్ళు, ఈ పాప. రేపు ఇంకో బిడ్డ కాడ ఎవురుంటారో మనకేం తెలుసు? ఎవురుంటే వాళ్ళకు అందాల."

తాత గోడ దగ్గరికి పోయి మామ ముందు చతికిలబడ్డాడు. "లెయ్ అల్లుడా. టౌనుకు పోయి గీత కాడ బిగించకొస్తాం. ఈ దోవన ఇంకా ఆడబిడ్డలు పోవాల గదా" అన్నాడు. మామ చాలాసేపు కదల్లేదు. తాత కూడా లేవలేదు. చివరికి ఇద్దరూ కలిసే లేచారు. కొలత నేనే కాబట్టి నన్నూ ఎక్కమన్నారు. చీలిన టైరు తీసి స్టెప్నీ తగిలించి, చీలిన దాన్ని వెనక వేసుకుని బయలుదేరాం.

తోపు దగ్గరికి రాగానే మామ జీపు ఆపేశాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. తాత దిగి, కొంచెం దూరం నడిచి, మేం తవ్విన గుంట ముందు నిలబడ్డాడు. గాలికి అది సగం పూడిపోయి ఉంది. నేను దిగి ఆయన పక్కన నిలబడ్డాను. "ఏ చెయ్యి పట్టుకోనుండింది పాపా?" అని అడిగాడు. కుడి చెయ్యి చూపించాను. దాన్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, అంత పెద్ద మనిషి, గొంతు బయటికి రాకుండా ఏడ్చాడు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, వచ్చి సీట్లో కూర్చుని, "పోనీ అల్లుడా" అన్నాడు. మామ పోనిచ్చాడు.

సముద్రపు నీళ్ళు మానేసి బావి నీళ్ళతో కడుక్కున్న ఆ జీపు ఆ తర్వాత చాలా ఏళ్ళు మా పల్లె ఆడవాళ్ళను నెల్లూరికి చేర్చింది. నన్ను కూడా నా తొలి కాన్పుకు చేర్చింది. మామ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రి బయట బీడీ కూడా కాల్చకుండా నిలబడి, లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినబడ్డాకే ఇంటికి తిరిగేవాడు.

నాకు మా అమ్మ నోరే వచ్చింది. ఇంట్లో ఏదైనా పాడైతే ఎవరు చేశారన్నదే ముందు నాలుక మీదికి వస్తుంది. అప్పుడు ఒంటినిండా తుప్పు పొడితో నిలబడ్డ వాకాటి తాత కళ్ళముందుకు వస్తాడు. కూతుర్ని పోగొట్టుకున్న ఆ మనిషి ఆ మాట ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఎక్కడ పెడదాం అని మాత్రం అడిగాడు. నేనూ ఆ మాటే అడగాలని చూస్తాను. సగం సార్లు నోరు జారుతుంది, సగం సార్లు ఆపుకుంటాను. ఆపుకున్న రోజు రాత్రి అత్త తప్పకుండా గుర్తొస్తుంది. పైట లాగేస్తే నవ్వే ఆ నవ్వును చూసినవాళ్ళలో తాత పోయాడు, అవ్వా, అమ్మా, నాయనా పోయారు, మొన్న మామ కూడా పోయాడు. ఇక నేనొక్కదాన్నే ఉన్నాను.