మిరపకాయల గోడౌనులో కాంభోజి

శ్రీరామనవమి పందిట్లో మూడో రోజు కచేరీ మద్రాసు గాయనిగారిదని తెలిసిన నాటి నుంచి మా అమ్మ నన్ను గౌరవంగా చూడటం మొదలుపెట్టింది. నేను గుంటూరులో బ్యాంకు గుమాస్తాని, మా పేట ఉత్సవ కమిటీలో అందరికన్నా చిన్నవాణ్ణి. కమిటీలో నా పని మైకువాణ్ణి కేకలెయ్యడం. అమ్మ మాత్రం ఆ గాయనిని నేనే స్వయంగా పిలిపించినట్టు రెండు రోజులు నాకు పెరుగు మీగడతో వేసింది.

మూడో రోజు పొద్దున అసలు సంగతి బయటపెట్టింది.

"ఒరే, ఆవిడ కాంభోజిలో ఒక కీర్తన పాడుతుంది. అది పాడమని చీటీ ఇస్తావా?"

ఆ కీర్తన రేడియోలో ఆవిడ పాడగా అమ్మ ఒక్కసారి విన్నదట. పల్లవి అయ్యేసరికి మా నాయనమ్మ కాఫీ అడిగింది. కాఫీ కలిపి ఇచ్చి వచ్చేసరికి వార్తలు వస్తున్నాయి. అది జరిగి పదిహేనేళ్ళయినా ఆ మిగతా సగం కోసం అమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. బ్యాంకు చలానా వెనక కీర్తన పేరు రాసి జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం గాలివాన వచ్చింది. తాటాకు పందిరి సగం పక్క వీధిలో పడింది. కమిటీ పెద్దలు తలలు పట్టుకుని కూర్చుంటే, అధ్యక్షుడిగారి మిర్చి గోడౌను నిన్ననే సరుకు లారీలకెత్తి ఖాళీ చేశారు కదా, కచేరీ అందులో పెట్టిద్దామని ఒకరన్నారు. ఆ ఒకరు నేనే. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు.

అమ్మకు చెబితే, "మిరపకాయల కొట్లో పాటేమిట్రా?" అంది.

"శుభ్రంగా ఊడిపించామమ్మా. వాసనే లేదు," అన్నాను.

అబద్ధం కాదు. మాకెవరికీ నిజంగానే వాసన రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గాలే పీలుస్తున్నవాళ్ళం. ఊడ్చిన కూలీలు తుమ్మలేదు, జంపఖానాలు పరిచిన మైకువాడు తుమ్మలేదు. పైగా మద్రాసు నుంచి వచ్చిన పెద్దావిడకు ఉక్కపోయకూడదని అధ్యక్షుడిగారు నాలుగు పెద్ద స్టాండు ఫ్యాన్లు తెప్పించి నాలుగూ వేదిక వైపే తిప్పించారు. మర్యాదలో మేం ఎవరికీ తీసిపోము.

గాయనిగారు వేదికెక్కగానే చీటీ అందించాను. చదువుకుని, నవ్వి, కొంగున ముడేసుకున్నారు. ఆడవాళ్ళ వరసలో అమ్మ ఇది చూసి సర్దుకుని కూర్చుంది.

ఫ్యాన్లు తిరిగాయి. గోడౌను మూలల్లోంచి, దూలాల మీదనుంచి ఏళ్ళ తరబడి పేరుకున్న ఎర్రటి దుమ్ము లేచి, అతిథి దగ్గరికే నేరుగా వెళ్ళింది. వర్ణం సగంలో గాయనిగారు మొదటిసారి దగ్గారు. వయొలిన్ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అది చూసి నా పక్కన కూర్చున్న పొగాకు బయ్యరు, "చూడండి, ఎంత లీనమైపోయాడో," అన్నాడు. మృదంగం ఆయన తుమ్ము సరిగ్గా సమం మీద పడింది. జనం చప్పట్లు కొట్టారు.

అధ్యక్షుడిగారికి కంగారు పుట్టింది. "అమ్మగారికి ఉక్కపోస్తున్నట్టుంది. ఫ్యాన్లు ఇంకొంచెం పెంచండ్రా."

పెంచారు. నలభై నిమిషాలు ఆవిడ ఎలా పాడారో ఆ రాముడికే తెలియాలి. చివరికి చెయ్యెత్తి దణ్ణం పెట్టి, రెండు ముక్కల్లో మంగళం పాడేసి లేచారు. కచేరీ చిన్నదైనా నిండుగా ఉందని జనం ఇళ్ళకు పోయారు. నేను అమ్మ వైపు చూడలేకపోయాను.

గాయనిగారిని పక్కనే ఉన్న అధ్యక్షుడిగారి ఇంటి వరండాలో కూర్చోబెట్టారు. వాన వెలిసి చల్లగాలి వస్తోంది. అమ్మ ఎవరూ పిలవకుండానే ఆ వంటింట్లోకి వెళ్ళి, వేడిపాలల్లో పటికబెల్లం వేసి తెచ్చింది. ఆవిడ తాగి, కాసేపటికి తేరుకుని, కొంగు ముడిలోంచి నా చలానా తీశారు.

"ఇది ఎవరు అడిగారు బాబూ? పాడలేకపోయాను."

నేను అమ్మను చూపించాను. అమ్మ, "అయ్యో, ఫరవాలేదండీ, రెస్టు తీసుకోండి," అంటూనే అక్కడే నిలబడింది.

ఆవిడ అమ్మను పక్కన కూర్చోమన్నారు. తొడ మీద తాళం వేస్తూ, బొంగురుపోయిన గొంతుతో, మా ఇద్దరికీ మాత్రమే వినపడేటట్టు పల్లవి పాడారు. అనుపల్లవి పైకి లేచే చోట గొంతు పట్టేసింది. మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ పట్టేసింది. మూడోసారి ఆగిన చోటి నుంచి ఇంకో గొంతు ఆ వరసను అందుకుని, పైదాకా వెళ్ళి, నెమ్మదిగా కిందికి దిగింది.

అది మా అమ్మది. పాడినట్టు తనకే ఆలస్యంగా తెలిసినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"చిన్నప్పుడు చీరాల్లో, ఒక మాస్టారి దగ్గరండీ. ఆరేళ్ళు."

నాకు సిగ్గేసింది. ఇరవయ్యారేళ్ళుగా ఆ తల్లి వండింది తింటూ, రేడియో దగ్గర ఆవిడ ఎందుకు నిలబడిపోతుందో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. పాట మీద సరదా అనుకున్నాను. ఆ మిగతా సగం తనకు వచ్చునని, ఎవరైనా పాడితే వినాలనుకుందని నా బుర్రకు తట్టలేదు.

గాయనిగారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "నేను రెండు గంటలు లేను ఈ ఊళ్ళో, నా గొంతు పోయింది. ఇంత ఘాటులో మీరు ఇలా ఎలా కాపాడుకున్నారమ్మా?"

అమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

"పెళ్ళయ్యాక వాడలేదండీ," అని చెప్పి, గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళింది.