చుక్కలక్కయ్య పాత కన్ను

సూర్యుడి ముఖాన ఎన్ని మచ్చలున్నాయో రోజూ లెక్కపెట్టడం ఒక ఉద్యోగమంటే ఎవరూ నమ్మరు. పెళ్ళయిన కొత్తలో ఆమె అత్తగారు నమ్మలేదు, బ్యాంకులో ఫారం నింపిన గుమాస్తా అయితే పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వాడు. నవ్వితే నవ్వనీండి. అబ్జర్వేటరీలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నది ఆ పనే. అక్కడ అందరికీ ఆమె చుక్కలక్కయ్య. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు.

చూడటానికి తేలికైన పనే. పొద్దున్నే, గాలి వేడెక్కకముందే, మెట్లెక్కి గుమ్మటంలోకి వెళ్తుంది. టెలిస్కోపు వెనక ఉన్న చెక్కపలకకి తెల్లకాగితం బిగిస్తుంది. సూర్యబింబం జానెడు వెడల్పున వచ్చి ఆ కాగితం మీద పడుతుంది. మచ్చ కనిపించిన చోటల్లా పెన్సిలుతో దిద్దుతుంది. పెద్దవాటిని ఎవరైనా దిద్దగలరు, తంటా అంతా ఆవగింజంత కూడా ఉండని పిల్లమచ్చల దగ్గరే. మచ్చో కాగితంలోని నలుసో తేలకపోతే కాగితాన్ని కాస్త కదుపుతుంది. నలుసైతే కాగితంతో పాటు జరుగుతుంది, మచ్చైతే సూర్యుణ్ణి పట్టుకుని ఉన్నచోటే ఉంటుంది.

కింది గదిలో ఇంకో సూర్యుడున్నాడు. అంతరిక్షనౌక పంపే బొమ్మలు అక్కడ గోడంత తెర మీద కనిపిస్తాయి. లెక్కపెట్టే మనిషి తన బొమ్మ గీయకముందు వాటిని చూడకూడదని ఆఫీసు నియమం. చూస్తే తెలియకుండానే చేయి అటే పోతుంది. గీశాక చూడొచ్చు. కానీ అక్కయ్య అప్పుడూ చూసేది కాదు. "పక్కవాడి పలకలో చూసి రాసే అలవాటు నాకు బళ్ళోనే లేదు" అనేది. ఆ బింకమే ఆమె కొంప ముంచింది.

ఒక శుక్రవారం కింది గది పరిశోధకురాలు పరుగున వచ్చింది. ఆ యేడే చేరిన పిల్ల.

"అక్కయ్యా, మీ లెక్కల్లో ఒక విచిత్రం దొరికింది! మూడేళ్ళుగా పిల్లమచ్చలు తగ్గిపోతున్నాయి. నౌకకేమో అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. దాని కెమెరా ఎంత పల్చటి మచ్చనైనా పట్టేస్తుంది కదా. మీకు మాత్రమే కనిపించట్లేదంటే అవి వెలిసిపోతున్నాయన్నమాట. వ్యాసం రాసేశాను, మీ పేరు కూడా పెట్టాను. సోమవారం పంపించేస్తున్నా."

అక్కయ్యకి కాళ్ళు నేల మీద ఆనలేదు. తన చేతిరాత లెక్కలోంచి సూర్యుడి సంగతి ఒకటి బయటపడిందంటే మాటలా! కానీ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు బుర్రలో పురుగు తొలిచింది. బస్సు నంబరు ముక్కు ముందుకొస్తే గానీ తెలియకపోవడం ఎప్పట్నుంచి? అదీ సుమారు మూడేళ్ళే. వెలిసిపోతున్నది సూర్యుడా, తనా? తేల్చుకోకపోతే ఆమెకి అన్నం సహించదు.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇల్లు చేరగానే ఆయన ముందు కాగితం పెట్టింది.

"ఏవండీ, దీని మీద సన్నగా చుక్కలు పెట్టండి. కొన్ని చిక్కగా, కొన్ని పల్చగా. ఎన్ని పెట్టారో చెప్పకండి."

"ఆఫీసులో చుక్కలు చాలక ఇంటికి కూడా తెచ్చుకున్నావా?" అంటూనే ఆయన కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

ఆమె ముప్పై రెండు లెక్కపెట్టింది. ఆయన పెట్టినవి నలభై నాలుగు. "అబద్ధం!" అంది. ఆయన ఒక్కో చుక్క పక్కన గోరు ఆనించి చూపించాడు. మర్నాడు కిటికీ దగ్గర, ఆ పైన దీపం కింద, ఒక కన్ను మూసీ, రెండో కన్ను మూసీ మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. చిక్కటివి ఒక్కటీ తప్పలేదు. పల్చటివాటిలో సగం లేవు.

"దొరికిందండీ!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ పిల్ల సూర్యుడిలో చూసింది సరిగ్గా ఇదే. దొరికింది ఏమిటో ఆ తర్వాత అర్థమై, కూలబడింది.

"నోరు మూసుకుని ఊరుకో. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతావు" అన్నాడు భర్త.

"ఊరుకుంటే నా జబ్బు తీసుకెళ్ళి సూర్యుడికి అంటగట్టినట్టు కాదూ?"

సోమవారం పొద్దున బొమ్మ గీసి, ఆ పిల్లని గుమ్మటంలోకి పిలిచింది. "ఇవి నేను చూసినవి, పదకొండు. నేను చూడనివి ఏమన్నా ఉన్నాయేమో చూడు" అంది. పిల్ల వంగి, కాగితాన్ని కదిపి చూసి, వేలు పెట్టింది. ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఏడోదాని దగ్గర వేలు ఆగిపోయింది. అక్కయ్య ఇంట్లో చేసిన పరీక్ష సంగతి చెప్పింది.

"అయ్యో అక్కయ్యా, ఎనిమిది నెలల పని!" అని ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. వ్యాసం వెళ్ళలేదు. అక్కయ్యకి ఆ పిల్ల ముఖం చూడటానికి చాలా రోజులు సిగ్గేసింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, తీసేద్దామన్నాడు కంటి డాక్టరు. అది విని మళ్ళీ ఆ పిల్లే ఇంటికొచ్చింది.

"రెండూ తీయించుకోకండి, అక్కయ్యా. ఒకటే. రెండో కన్ను నాకు నాలుగు నెలలు కావాలి."

"నా గుడ్డికన్ను నీకెందుకే తల్లీ?"

"ఒకే పొద్దున, ఒకే సూర్యుడు. పాత కన్నుతో ఒక లెక్క, కొత్త కన్నుతో ఒక లెక్క. పాత కన్ను ఎంత తప్పుతోందో తెలిస్తే ఆ మూడేళ్ళనీ కొంచెం కొంచెంగా సరిచేయొచ్చు. లేకపోతే పారేయాలి."

ఆపరేషన్ అయిన నెలకి పని మొదలైంది. ముందు కొత్త కంటికి కట్టు కట్టి పాత కన్నుతో గీయాలి, ఆ కాగితం సొరుగులో పెట్టి తాళం వేసి, అప్పుడు కట్టు మార్చాలి. వరస తారుమారైతే కొత్త కన్ను చూసినవి తనూ చూసినట్టు పాత కన్ను భ్రమపడుతుంది. మొదటిరోజు కట్టు మార్చగానే అక్కయ్య "బాబోయ్" అంది. మచ్చల అంచుల చుట్టూ బూడిదరంగు పొరలు, వాటి పక్కన పిల్లమచ్చలు, పిల్లల పక్కన పిల్లలు. సొరుగు తీసి మొదటి కాగితంలో కూడా అవి దిద్దేయాలని చేయి లాగింది. తీయలేదు. మూడేళ్ళుగా ఇవన్నీ వచ్చి పోయాయి, తను చూడనే లేదు. ఆ బాధ ఎవరితో చెప్పినా నవ్వుతారని ఒక్కతే కళ్ళు తుడుచుకుంది.

నాలుగు నెలలూ గడిచాయి. రెండో ఆపరేషన్‌కి ముందురోజు ఆ పిల్ల లెక్కగాళ్ళ రిజిస్టరు పట్టుకుని తటపటాయిస్తూ నిలబడింది. ఏ ఇద్దరి చూపూ ఒకటి కాదు కాబట్టి అందులో ఒక్కొక్కరికీ ఒక అంకె ఉంటుంది, ఒకరి లెక్క ఇంకొకరిదాంతో కలపరు. అక్కయ్యది నాలుగు.

"చూపు మారితే మనిషి మారినట్టేనట, అక్కయ్యా. నాలుగుని ఇవాళ్టితో ముగించాలి. మిమ్మల్ని అయిదుగా కొత్తగా చేర్చుకోవాలి. అనుభవం అని ఒక గడి ఉంది..." అని ఆగిపోయింది. "ముప్పై ఒక్క ఏళ్ళని రాసేస్తాను, ఎవరడుగుతారు?"

అక్కయ్య రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. ఎర్రసిరాతో కొట్టేయబోతున్న ఆ నాలుగుని వేలితో ఒకసారి తడిమింది. పెన్ను అందుకుని ముగింపు తేదీ తనే వేసింది. కింది వరసలో తన పేరు రాసి, అనుభవం గడిలో నాలుగు నెలలని రాసింది.

"ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ పాత కంటివే తల్లీ" అంది. "దానివి దానికే ఉండనీ."