ఒనోఫ్రే నమిలిన నిమ్మాకు

మా మావగారు ఒనోఫ్రేకి ముర్సియా శివారులో నలభై రెండు నిమ్మచెట్లు, ఇద్దరు కూతుళ్లు, ఒక దురలవాటు ఉన్నాయి. మొదటి రెండింటి సంగతి ఎవరినడిగినా చెబుతారు. మూడోదాని గురించి, పదకొండేళ్ల కిందట అనుభవించినవాణ్ణి కాబట్టి, నేనే చెప్పాలి.

పరాయి ఊరివాడు ఎవడు దొరికినా ఆయన దగ్గరుండి ఊరంతా తిప్పుతాడు. చివరికి రుఫీనో హోటల్లో కూచోబెట్టి పాపరహోతే పెట్టిస్తాడు. నిమ్మాకును పాలూ గుడ్డూ కలిపిన పిండిలో ముంచి, నూనెలో వేయించి, పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లుతారు. తొడిమ పట్టుకుని ఆకును లాగి పారేసి, పైనున్న బజ్జీ మాత్రం తినాలి. ఈ ఒక్క ముక్కే మావగారు చెప్పడు. అతిథి ఆకుతో సహా నమిలేస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వుతాడు, పక్క బల్లల వాళ్లను పిలిచి మరీ చూపిస్తాడు. అతిథుల కోసమని తన తోటలో ముదురాకులు ఏరి, ముందురోజే రుఫీనోకి పంపుతాడు కూడా. సోరియా నుంచి పెళ్లి మాటలకు వచ్చిన నేను మర్యాదకు పోయి, బాగుందండీ అని రెండోది కూడా తిన్నాను. ఆ కథ మా పెళ్లిలో చెప్పారు, ఇద్దరు పిల్లల బాప్తిస్మాల్లోనూ చెప్పారు. ఇంకా చెబుతూనే ఉన్నారు.

మొన్న ఏప్రిల్లో మా మరదలు కాసిల్డా ఓవియేదో నుంచి ఎవెలియో అనే అతన్ని తీసుకొచ్చింది. పళ్ల డాక్టరు, పొడుగు మనిషి, నెమ్మదస్తుడు. అంతకుముందు తెచ్చిన ఇద్దరూ ఆకు తిన్న మర్నాటి నుంచి మళ్లీ కనబడలేదు. అందుకే శనివారం పొద్దున్నే వంటింట్లో తండ్రిని నిలదీసింది.

"నాన్నా, ఈయన్ని నేను చేసుకుంటాను. ఇవాళ నువ్వు నవ్వావంటే మేమిద్దరం ఇటునుంచి ఇటే వెళ్లిపోతాం. మళ్లీ ఈ గడప తొక్కను."

"నేనెందుకు నవ్వుతానే?"

"ఒట్టెయ్యి."

"నీ మీదొట్టు. నవ్వను."

ఆమె అటు వెళ్లగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కొంప మునిగింది అల్లుడూ. ఆకులు నిన్ననే పంపేశా. ఈసారివి చెప్పంతేసి ఉన్నాయి."

"అయితే తినకూడదని అతనికి చెప్పెయ్యండి."

"చెప్పేస్తే ఇంకేం మిగిలింది?" అన్నాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

ముందు పెద్ద చర్చి గోపురానికి వెళ్లాం. వెయ్యిసార్లు ఎక్కానని చెప్పి మావగారు యథాప్రకారం కింద బల్ల మీద కూచున్నాడు. ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదని మా అందరికీ తెలుసు. తర్వాత నది మధ్యలో నీళ్లు చిమ్మే ఇనప చేపను చూపించాడు. అది పడవంత ఉంటుంది.

"మా తాత గాలానికి పడింది. లాగలేక వదిలేశాడు."

ఎవెలియో చేపను పరీక్షగా చూశాడు. "గాలం ఎంత పెద్దదండీ?" అని అడిగాడు.

మావగారి పెదాలు వణికాయి. నోరు గట్టిగా మూసుకుని వంతెన కింది నీళ్లు చూడసాగాడు.

మధ్యాహ్నం మరినేరాలు తెప్పించాం. కరకరలాడే రొట్టె చుట్ట, దాని మీద బంగాళాదుంప ముద్ద, ఆ పైన ఉప్పు చేప. ఎవెలియో చాకూ ఫోర్కూ అడిగాడు. ఈ ఊళ్లో దాన్ని చేత్తో తప్ప ఎవరూ ముట్టుకోరు. చాకు పెట్టగానే చుట్ట పెళుక్కుమంది. ముద్ద చొక్కా మీద పడింది, చేప జేబులోంచి తల బయటపెట్టి వేలాడింది. మావగారు చటుక్కున లేచి, దీపస్తంభానికి అంటించిన లాటరీ కాగితం చదవడం మొదలుపెట్టాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఏమైంది నాన్నా?"

"దగ్గు," అన్నాడు స్తంభంతో.

అలాగే దగ్గుకుంటూ రుఫీనో దగ్గరికి చేరాం. పాపరహోతేలు వచ్చాయి. నిజంగానే చెప్పంతేసి ఉన్నాయి. ఎవెలియో ఒకటి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు, ఆకుతో సహా కొరికాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. రుఫీనో తువ్వాలు నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయాడు. కాసిల్డా అతన్ని వింతగా చూసి, వెంటనే తండ్రి మొహం వంక తిరిగింది. ఆ మొహం టమాటాలా కందిపోయింది, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఇక కాసిల్డా వెళ్లిపోయినట్టేననుకున్నాను.

మావగారు కూతుర్ని చూశాడు. పళ్లెంలో అన్నిటికన్నా పెద్దది తీసి, ఆకుతో సహా నోట్లో పెట్టుకున్నాడు.

"ఇలాగే తింటాం మేము," అన్నాడు నములుతూ.

డెబ్బై ఒక్కేళ్లలో ఆయన నిమ్మాకు తినడం అదే మొదలు. ఎవెలియో నమలడం ఆపేశాడు.

"అదేంటండీ, ఆకు పారెయ్యాలని కాసిల్డా నిన్ననే చెప్పిందే."

"తెలిసీ ఎందుకు తిన్నావయ్యా?"

"పొద్దుట్నుంచీ నవ్వు ఆపుకోలేక మీరు పడుతున్న అవస్థ చూడలేకపోయానండీ. దీనికైనా నవ్వుతారేమోనని."

ముందు కాసిల్డాయే నవ్వింది. ఒట్టు వదిలేశానంది, నవ్వమంది. తీరా నవ్వుదామంటే మావగారి పళ్ల సందున తొడిమ ఇరుక్కుంది. ఎవెలియో ఆయన గడ్డం పైకెత్తి, "పెద్దగా తెరవండి," అని పుల్లతో లాగి తీశాడు. పక్క బల్లల వాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి చూశారు.

నాకు మాత్రం ఒళ్లు మండింది.

"నేను తిన్నప్పుడు నాతో ఎవరు తిన్నారు మావయ్యా?"

వేళాకోళంగానే అందామనుకున్నాను గానీ గొంతు నా మాట వినలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. పళ్లెంలో ఇంకో రెండు మిగిలాయి. ఒకటి తీసి ఆకుతో సహా తిన్నాడు. రెండోది కూడా, నా మొహమే చూస్తూ, నెమ్మదిగా తిన్నాడు. తర్వాత మంచినీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఇంత చేదుగా ఉంటుందని నాకు తెలీదు అల్లుడూ," అన్నాడు.